కణాన్ని కట్టే చదువు: సబ్జెక్టుల గోడలు దాటినవాళ్ళ చరిత్ర



మన గ్రూపులో చరిత్ర అంటే ఎక్కువగా భూమి, అడవి, 1/70 చట్టం, కొమరం భీం, గంటందొర, మల్లుదొర గురించే రాసుకున్నాం. అవి రాసుకోవాల్సినవే. ఈసారి మాత్రం ల్యాబుల్లో నడిచిన ఒక చరిత్ర చెప్పుకుందాం. ప్రాణం లేని పదార్థాలు తీసుకుని, ప్రాణమున్న కణాన్ని చేత్తో కట్టాలని వందేళ్ళకు పైగా సాగుతున్న ప్రయత్నం అది. పని ఇంకా పూర్తి కాలేదు. ఉత్త రసాయనాలతో మొదలుపెట్టి, తిండి తిని, పెరిగి, రెండుగా చీలి, తరతరాలుగా బతికే కణాన్ని ఈ రోజు వరకు ఎవరూ కట్టలేదు.

పూర్తికాని పని చరిత్ర మనకెందుకు అనొచ్చు. రెండు కారణాలున్నాయి. ఈ పనిలో ముందుకు పడిన అడుగులు చూస్తే, చాలావరకు తన సబ్జెక్టు గోడ దూకి పక్క సబ్జెక్టులోకి వెళ్ళినవాళ్ళు వేసినవే. మనమేమో పదో తరగతి అవగానే "నువ్వు ఎంపీసీ, నువ్వు బైపీసీ" అని పిల్లల్ని రెండు వరుసల్లో నిలబెడుతున్నాం. రెండో కారణం, ఈ చరిత్రలో మన రక్తం కూడా ఉంది. మాట వరసకు కాదు, నిజంగానే ఉంది. ఆ సంగతి మధ్యలో వస్తుంది.

ప్రశ్న ఎక్కడ పుట్టింది

జీవులన్నీ కణాలతోనే తయారయ్యాయని 1838-39లో జర్మనీలో ఇద్దరు చెప్పారు. మొక్కల సంగతి ష్లైడెన్ చెప్తే, జంతువుల సంగతి ష్వాన్ చెప్పాడు. ష్లైడెన్ మొదట చదివింది న్యాయశాస్త్రం. లాయరు పని వదిలేసి మొక్కల దగ్గరికొచ్చినవాడు. 1855లో విర్కో అనే డాక్టరు ఇంకో మాట చెప్పాడు: ప్రతి కణమూ మరో కణం నుంచే పుడుతుంది. ఈ వాక్యం మన పాఠ్యపుస్తకాల్లో ఇప్పటికీ ఉంది. బట్టీ పట్టి రాసేస్తాం, మార్కులు వస్తాయి. కానీ ఆ వాక్యం వెనకాలే ఒక ప్రశ్న నిలబడి ఉంది. మరి మొట్టమొదటి కణం ఎక్కడి నుంచి వచ్చింది?

ఫ్రాన్స్‌లోని నాంత్ ఊళ్ళో వైద్యం బోధించే స్టెఫాన్ లెడ్యూక్ ఈ ప్రశ్నను చేత్తో పట్టుకున్నాడు. రసాయన ద్రావణాల్లో లవణాల ముక్కలు వేస్తే మొక్కల్లా, పుట్టగొడుగుల్లా ఆకారాలు పెరుగుతాయి. కాలేజీ ల్యాబులో సోడియం సిలికేట్ నీళ్ళలో కాపర్ సల్ఫేట్ పలుకు వేసి చూసినవాళ్ళకు ఇది తెలుసు. 1912లో ఆయన 'సంశ్లేషణ జీవశాస్త్రం' అని అర్థం వచ్చే పేరుతో ఒక పుస్తకమే వేశాడు. ఆకారమైతే వచ్చింది, ప్రాణం రాలేదు. అయినా "కట్టి చూస్తేనే అర్థమవుతుంది" అనే దారి మాత్రం పడింది.

తర్వాత 1924లో రష్యాలో ఒపారిన్, 1929లో ఇంగ్లండులో హాల్డేన్ విడివిడిగా ఒకే రకమైన మాట చెప్పారు. తొలినాటి భూమ్మీద నీళ్ళలో మామూలు రసాయనాలు కలిసి కలిసి, మెల్లగా జీవపదార్థం వైపు నడిచి ఉంటాయని. ఈ హాల్డేన్ మనకు దగ్గరివాడే. ఆక్స్‌ఫర్డ్‌లో ఆయన చదివింది లెక్కలు, ఆ తర్వాత ప్రాచీన గ్రీకు, లాటిన్ గ్రంథాలు. సైన్సులో డిగ్రీ లేదు. అయినా జన్యుశాస్త్రానికి లెక్కల పునాది వేసినవాళ్ళలో ఒకడయ్యాడు. 1957లో ఇండియాకు వచ్చేసి, ఇక్కడి పౌరసత్వం తీసుకుని, 1964 డిసెంబరు 1న భువనేశ్వర్‌లో కన్నుమూశాడు. తన శరీరాన్ని విద్యార్థుల చదువు కోసం కాకినాడ రంగరాయ మెడికల్ కాలేజీకి రాసిచ్చాడు. మొదటి కణం గురించి ఆలోచించిన మనిషి చివరికి మన గోదావరి జిల్లాకే పాఠంగా వచ్చాడు.

1953లో షికాగోలో స్టాన్లీ మిల్లర్ అనే 23 ఏళ్ళ విద్యార్థి మీథేన్, అమ్మోనియా, హైడ్రోజన్, నీటి ఆవిరి గాజు పాత్రలో పెట్టి మెరుపుల్లాంటి కరెంటు రవ్వలు కొట్టించాడు. కొన్నాళ్ళకు అందులో అమైనో ఆమ్లాలు కనబడ్డాయి. ప్రొటీన్లకు ఇటుకలు అవే. మన దేశంలో అలహాబాదులో కృష్ణ బహదూర్ అనే రసాయన శాస్త్రవేత్త ఎండలో పెట్టిన రసాయన మిశ్రమాల్లో చిన్న చిన్న గోళాలు తయారుచేసి, 1960ల్లో వాటికి 'జీవాణు' అని పేరు పెట్టాడు. అవి ప్రాణమున్నవన్న ఆయన మాటను మిగతావాళ్ళు ఒప్పుకోలేదు. కానీ విదేశీ ల్యాబు లేకుండా, ఎండా గాజుబుడ్డీ పెట్టుకుని ఇంత పెద్ద ప్రశ్న వేసినవాళ్ళు ఈ దేశంలో ఉన్నారని మనం తెలుసుకోవాలి.

దడి, పొయ్యి, విత్తనం

ఇటుకలు ఉంటే ఇల్లయిపోదు కదా. కణానికి తక్కువలో తక్కువ ఏమేం కావాలో తేల్చి చెప్పినవాళ్ళలో ముఖ్యుడు హంగరీకి చెందిన టిబోర్ గాంతి. ఆయన కెమికల్ ఇంజినీరు. 1971లో హంగేరియన్ భాషలో రాసిన పుస్తకంలో మూడు భాగాలు చెప్పాడు. లోపలిదాన్ని బయటికి పోనివ్వని పొర, తిండిని మార్చి సత్తువ ఇచ్చే రసాయన చక్రం, వారసత్వ సమాచారం మోసే అణువు. మన ఊరి మాటల్లో చెప్పుకోవాలంటే దడి, పొయ్యి, విత్తనం. ఈ మూడూ ఒకదాన్నొకటి నిలబెట్టాలి. ఏ ఒక్కటి ఆగినా మిగతా రెండూ ఆగుతాయి.

గాంతి మాట ఎంత సూటిగా ఉన్నా అది చాలాకాలం హంగరీ దాటలేదు. ఆ పుస్తకం ఇంగ్లీషులో అందరికీ బాగా అందింది 2003లో. అంటే 30 ఏళ్ళకు పైగా. కోయ, గోండి, సవర, కువి భాషల్లో ఆలోచించే మనకు ఈ ముక్క వివరించనక్కర్లేదు. మంచి ఆలోచన ఏ భాషలోనైనా పుడుతుంది. అది ప్రయాణం చెయ్యాలంటే మాత్రం దారి కావాలి, దారి వేసేవాళ్ళు కావాలి.

ఇప్పుడు ఈ మూడు భాగాలూ ఎవరి చేతుల్లో దొరికాయో చూడండి.

దడి: కేంబ్రిడ్జ్ దగ్గర అలెక్ బ్యాంగమ్ అనే డాక్టరు రక్తకణాల పైపొర గురించి తెలుసుకుందామని కొవ్వు అణువుల్ని నీళ్ళలో కలిపి ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ కింద పెట్టాడు. అవి వాటంతట అవే చుట్టుకుని, లోపల నీళ్ళున్న చిన్న సంచుల్లా మారాయి. 1960ల్లో వచ్చిన ఆ సంచుల్నే లైపోజోములు అంటారు. కృత్రిమ కణం కట్టే ల్యాబుల్లో ఇప్పటికీ గోడ అదే.

పొయ్యి: కణాల్లో సత్తువకు నాణెం లాంటిది ఏటీపీ. 1929లో దాన్ని గుర్తించినవాళ్ళలో భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు ఒకరు. మద్రాసులో వైద్యం చదివి, అమెరికా వెళ్ళి, హార్వర్డ్‌లో ఫిస్క్ దగ్గర రసాయనం వైపు మళ్ళినవాడు. 1974లో రాకర్, స్టోకెనియస్ ఒక వింత పొయ్యి వెలిగించారు. ఉప్పునీటి మడుగుల్లో బతికే సూక్ష్మజీవి నుంచి వెలుతురును పట్టుకునే ప్రొటీన్, ఆవు గుండె నుంచి ఏటీపీ తయారుచేసే యంత్రం, సోయా గింజల నుంచి కొవ్వు తెచ్చి మూడింటినీ ఒకే సంచిలో కలిపారు. దీపం పెడితే ఏటీపీ తయారైంది. ఎక్కడి ఉప్పు మడుగు, ఎక్కడి ఆవు, ఎక్కడి సోయా! ఇద్దరూ డాక్టరు చదువు చదివినవాళ్ళే. రాకర్ నాజీల వల్ల వియన్నా వదిలి వచ్చినవాడు.

విత్తనం: 1961లో నిరెన్‌బర్గ్, మథాయ్ బ్యాక్టీరియాను నూరి, కణాలు లేని రసంలోనే ప్రొటీన్ తయారయ్యేలా చేసి, జన్యుభాషలో మొదటి పదాన్ని చదివారు. ఆ భాషను పూర్తిగా విప్పినవాళ్ళలో హరగోవింద్ ఖొరానా ఉన్నాడు. ఇప్పుడు పాకిస్తాన్‌లో ఉన్న పంజాబ్ భాగంలోని చిన్న ఊరు ఆయనది. ఊరి మొత్తానికి దాదాపు వాళ్ళ కుటుంబమే చదువు వచ్చిన కుటుంబం. మొదటి చదువు చెట్టు కింద. 1968లో నోబెల్ వచ్చింది. 1970లో ఆయన బృందం 77 జతల అక్షరాలున్న ఒక జన్యువును ల్యాబులో తయారుచేసినట్టు ప్రకటించింది. పుట్టిన విత్తనం కాదు, చేసిన విత్తనం. ఖొరానా చదువు పరంగా రసాయనవాది, పని జీవశాస్త్రంలో.

ఒక డాక్టరు గోడ కట్టాడు, డాక్టర్లే పొయ్యి వెలిగించారు, ఒక రసాయనవాది విత్తనం చేశాడు, ఒక ఇంజినీరు ఇంటి ప్లాను గీశాడు. ఎవరూ తమ వీధిలోనే కూర్చోలేదు.

మన రక్తం ఉన్న పేజీ

మన గూడేల్లో సికిల్ సెల్ అంటే తెలియని ఇల్లు తక్కువ. ఒళ్ళు నొప్పులు, రక్తం లేకపోవడం, మాటిమాటికి ఆస్పత్రి. ఈ జబ్బు గుట్టు విప్పినవాళ్ళలో హార్వీ ఇటానో ఉన్నాడు. అమెరికాలో పుట్టిన జపాన్ సంతతి విద్యార్థి. 1942లో కాలిఫోర్నియా యూనివర్సిటీలో అందరికంటే మొదటి స్థానంలో నిలిచాడు. మెడల్ అందుకునే రోజుకు ఆయన యూనివర్సిటీలో లేడు. యుద్ధం పేరుతో జపాన్ సంతతివాళ్ళను ఇళ్ళ నుంచి తరిమి పెట్టిన నిర్బంధ శిబిరంలో ఉన్నాడు. తర్వాత బయటికొచ్చి డాక్టరు చదివాడు. అది చాలదని రసాయనంలో పీహెచ్‌డీకి పాలింగ్ దగ్గర చేరాడు. 1949లో వాళ్ళు కరెంటు పెట్టిన ద్రావణంలో మామూలు హిమోగ్లోబిన్, సికిల్ హిమోగ్లోబిన్ వేరువేరు వేగంతో కదలడం చూపించారు. జబ్బు ఒక అణువులో ఉందని లోకానికి తెలిసింది అప్పుడే. ఆ తర్వాత 1950ల్లోనే ఇంగ్రామ్ తేల్చాడు, ప్రొటీన్ గొలుసులో ఒకే ఒక్క అమైనో ఆమ్లం మారిందని. డాక్టరు మాత్రమే అయితే కరెంటు పెట్టేవాడు కాదు. రసాయనవాది మాత్రమే అయితే ఆ రోగి దగ్గరికి వెళ్ళేవాడు కాదు.

మరి ఇండియాలో? 1952లో లేమన్, కట్‌బుష్ నీలగిరి కొండల్లో ఆదివాసీల రక్తం పరీక్షించి, సికిల్ లక్షణం ఇక్కడా ఉందని ప్రకటించారు. అప్పటి నుంచి మన రక్తం సీసాల్లో ల్యాబులకు వెళ్తూనే ఉంది. రక్తం వెళ్ళినంత సులువుగా మనం వెళ్ళలేదు. నమూనాగా ఉన్నాం, నమూనా చూసే మైక్రోస్కోప్ దగ్గర లేము. 2023 జులై 1న మధ్యప్రదేశ్‌లోని షహడోల్‌లో మొదలైన జాతీయ మిషన్ 7 కోట్ల మందికి పరీక్షలు చేయాలని, 2047 నాటికి ఈ జబ్బును తొలగించాలని పెట్టుకుంది. ఆ పరీక్షలు చేసే చేతుల్లో, రిపోర్టు చదివే కళ్ళల్లో మనవాళ్ళెంతమంది అన్నది మనం అడగాల్సిన ప్రశ్న.

కృత్రిమ కణం అన్న ఆలోచన వైద్యంలోకి వచ్చింది కూడా రక్తం దగ్గరే. 1957లో మాంట్రియల్‌లోని మెక్‌గిల్ యూనివర్సిటీలో థామస్ చాంగ్ అనే డిగ్రీ విద్యార్థి తన హాస్టల్ గదిలో, సెంటు కొట్టే స్ప్రే లాంటి దొరికిన సామాను పెట్టుకుని, హిమోగ్లోబిన్‌ను పలచటి పొరలో చుట్టాడు. ఎర్రరక్తకణానికి నకలు అన్నమాట. అది ఈ రోజుకీ అసలు రక్తానికి పూర్తి బదులు కాలేదు. కానీ అదే పద్ధతిలో బొగ్గు పొడిని పొరలో చుట్టి, రక్తంలోని విషాన్ని లాగే చికిత్స వచ్చింది. హాస్టల్ గది నుంచి!

తరగతి గది ఎలా పుట్టింది

ఇంతవరకు చెప్పినవాళ్ళంతా ఒక్కొక్కరుగా గోడ దూకినవాళ్ళు. అందరూ దూకలేరు. దూకడానికి డబ్బు కావాలి, ధైర్యం కావాలి, పక్కింటివాళ్ళు రానివ్వాలి. అందుకే గోడలో తలుపు పెట్టినవాళ్ళ చరిత్ర ఇంకా ముఖ్యం.

మొదటి పెద్ద తలుపు 1945లో పడింది. జర్మనీ నుంచి వచ్చిన భౌతికశాస్త్రవేత్త మాక్స్ డెల్బ్రూక్ అమెరికాలోని కోల్డ్ స్ప్రింగ్ హార్బర్‌లో ఒక వేసవి కోర్సు మొదలుపెట్టాడు. బ్యాక్టీరియాను తినే వైరసుల మీద కొద్ది వారాల పాఠం. ఫిజిక్స్ నుంచి, కెమిస్ట్రీ నుంచి ఎవరైనా రావొచ్చు. అందరూ ఒకే రకం వైరసులతో, ఒకే పద్ధతిలో పనిచేయాలని ఆయన పట్టుబట్టాడు. అప్పుడే ఒకరి ఫలితం ఇంకొకరికి పనికొస్తుంది. సేమర్ బెంజర్ అనే ఫిజిక్స్ కుర్రాడు 1948లో ఈ కోర్సుకు వచ్చి జన్యువు లోపలి నిర్మాణాన్ని చూపించిన శాస్త్రవేత్త అయ్యాడు. అణుబాంబు ఆలోచన వెనకున్న లియో సిలార్డ్ కూడా ఇక్కడికి విద్యార్థిగా వచ్చి కూర్చున్నాడు. ఆ కోర్సు పాతికేళ్ళ పాటు నడిచింది. మాలిక్యులర్ బయాలజీ అనే శాస్త్రమే చాలావరకు ఆ బెంచీల మీద పెరిగింది.

2001లో రెండు సంగతులు జరిగాయి. షోస్టాక్, బార్టెల్, లూయీసీ అనే ముగ్గురు కలిసి, ప్రాణాన్ని సంశ్లేషించడం ఎలా అని దారి గీస్తూ నేచర్ పత్రికలో రాశారు. టోక్యోలో షిమిజు, ఉయెడా బృందం ప్రొటీన్ తయారీకి కావలసిన భాగాలన్నిటినీ విడివిడిగా శుద్ధి చేసి, మళ్ళీ కలిపి పనిచేయించింది. బ్యాక్టీరియాను నూరిన రసంలో ఏముందో తెలియదు. ఇందులో ఏం వేశామో లెక్క ఉంటుంది. 2004లో భౌతికశాస్త్రవేత్తలు నోయిరో, లిబ్‌షాబర్ ప్రొటీన్ తయారుచేసే రసాన్ని లైపోజోములో పోశారు. కొన్ని గంటలకే తిండి అయిపోయి ఆగిపోయింది. అప్పుడు రక్తకణాలకు చిల్లు పెట్టే ఒక బ్యాక్టీరియా విషప్రొటీన్‌ను ఆ సంచిలోనే తయారు చేయించి, గోడకు తలుపులు పెట్టించారు. బయటి నుంచి తిండి లోపలికి వచ్చి, పని దాదాపు 4 రోజులు సాగింది. విషమే వాకిలయ్యింది.

అదే కాలంలో 2003 జనవరిలో అమెరికాలోని ఎంఐటీలో విద్యార్థుల కోసం ఒక చిన్న క్లాసు పెట్టారు. జన్యుభాగాలతో ఏదైనా కట్టి చూపించాలి. 2004లో 5 జట్లతో అది పోటీగా మారింది. దాని పేరే ఐజెమ్. తర్వాత ప్రపంచమంతా, మన దేశం కాలేజీలు కూడా జట్లు పంపాయి. జీవశాస్త్రం చదివేవాళ్ళు, కోడింగ్ రాసేవాళ్ళు, లెక్కలవాళ్ళు ఒకే జట్టులో ఉండక తప్పదు.

ఆ తర్వాత ప్రభుత్వాలు కదిలాయి. 2014లో జర్మనీలో 9 మాక్స్ ప్లాంక్ సంస్థలు కలిసి కృత్రిమ కణం పని మొదలుపెట్టాయి. 2017లో నెదర్లాండ్స్ ఇదే పనికి 10 ఏళ్ళకు 1 కోటి 88 లక్షల యూరోలు ఇచ్చింది. అయితే డబ్బు వచ్చాక ఒక లోటు బయటపడింది. ఈ పని తెలిసిన పిల్లలు ఎక్కడున్నారు? ఏ డిగ్రీలోనూ ఇది మొత్తంగా చెప్పరు. అందుకే 2019లో జర్మనీలో 'మ్యాటర్ టు లైఫ్' అనే మాక్స్ ప్లాంక్ స్కూలు మొదటి విద్యార్థుల్ని తీసుకుంది. పేరుకు అర్థం పదార్థం నుంచి ప్రాణం దాకా అని. ఫిజిక్స్, కెమిస్ట్రీ, జీవశాస్త్రం, ఇంజినీరింగ్ చదివిన డిగ్రీ పిల్లలు నేరుగా చేరి, పీజీ, పీహెచ్‌డీ కలిపి ఒకే దారిలో చదువుతారు. ఎవరికి రానిది వాళ్ళు మొదట నేర్చుకోవాలి.

ఆ గదిలో ఏం నేర్పుతారు

ఒక్క పని తీసుకుని చూద్దాం. మైక్రోస్కోప్‌లో కనిపించేంత పెద్ద లైపోజోము కట్టాలి. 1986లో బల్గేరియాకు చెందిన ఏంజెలోవా, దిమిత్రోవ్ చెప్పిన పద్ధతి ఉంది. కరెంటు పారే గాజు పలక మీద కొవ్వు ద్రావణం పూసి ఆరబెట్టాలి. పంచదార నీళ్ళు పోసి, కొద్దిపాటి ఏసీ కరెంటు ఇవ్వాలి. పూత పొంగి సంచులుగా ఊడివస్తుంది. లోపల పంచదార నీళ్ళు. వాటిని గ్లూకోజు నీళ్ళలోకి మారిస్తే, పంచదార నీళ్ళు బరువు కాబట్టి సంచులు అడుక్కు దిగుతాయి, చూడటం తేలిక. లోపలా బయటా గాఢత సరిపోకపోతే నీళ్ళు ఒకవైపుకు లాగేసి సంచి ముడుచుకుంటుంది, లేదా పగులుతుంది.

ఈ ఒక్క పనిలో కరెంటు ఫిజిక్సు, కొవ్వు కెమిస్ట్రీ, ఆస్మాసిస్ ఇంటర్ పాఠం, తర్వాత లోపల పెట్టే ప్రొటీన్ జీవశాస్త్రం, ఎన్ని సంచులు ఏ సైజులో వచ్చాయో తేల్చేది లెక్కలు. ఏ ఒక్కటి రాకపోయినా మిగతా నాలుగూ వృథా.

ఇంకో చిక్కు భాష. వెక్టర్ అనగానే ఫిజిక్స్ అబ్బాయికి బాణం గుర్తొస్తుంది. బయాలజీ అమ్మాయికి జన్యువును మోసే డీఎన్ఏ ముక్క. మలేరియా డిపార్టుమెంటులో పనిచేసే అన్నకు దోమ. ముగ్గురూ ఒకే మాట అంటారు, మూడు వేరే సంగతులు వింటారు. ఇలాంటి చదువులో మొదటి ఏడాది చాలావరకు ఈ మాటలు కలుపుకోవడానికే పోతుంది. ఇంట్లో ఒక భాష, బడిలో ఒక భాష, కాలేజీలో ఇంకో భాషతో బతికిన మనకు ఈ పని కొత్త కాదు. చిన్నప్పటి నుంచి మనం చేస్తున్నది ఇదే.

తీసేస్తూ పోయినవాళ్ళు

కిందినుంచి కట్టుకుంటూ వచ్చేవాళ్ళ కథ ఇది. ఇంకో దారిలో, బతికున్న కణం నుంచి ఒక్కొక్కటే తీసేస్తూ పోయారు. 2010లో క్రెయిగ్ వెంటర్ సంస్థ 10 లక్షలకు పైగా అక్షరాలున్న బ్యాక్టీరియా జన్యుపదార్థాన్ని ల్యాబులో తయారుచేసి, దగ్గరి జాతి బ్యాక్టీరియాలోకి ఎక్కించింది. మధ్యలో పని ఆగిపోయింది. చూస్తే ఒక ముఖ్యమైన జన్యువులో ఒకే ఒక్క అక్షరం లేదు. అన్ని లక్షల అక్షరాల్లో ఒక్కటి! సికిల్ సెల్‌లో చూసిన పాఠమే ఇది.

2016లో వాళ్ళు జన్యువుల్ని 473కు తగ్గించారు. అందులో 149 ఏం చేస్తాయో అప్పటికి తెలియదు. లేకపోతే కణం చస్తుంది, ఉంటే ఎందుకుందో తెలియదు. ఆ కణం చీలేటప్పుడు వంకరటింకర ఆకారాలు వచ్చేవి. 2021లో ఇంజినీర్లు, జీవశాస్త్రవేత్తలు కలిసి, వెంట్రుక కన్నా సన్నని కాలువల్లో కణాలను పెంచి చూస్తూ, 7 జన్యువులు తిరిగి చేరిస్తే సరిగ్గా చీలుతుందని తేల్చారు. 473 జన్యువుల ప్రాణినే మనుషులు పూర్తిగా చదవలేకపోయారు. అడవిలో కనిపించే ప్రతి ఆకునీ, పురుగునీ తక్కువ చేసి మాట్లాడకూడదని పెద్దోళ్ళు చెప్పేది వీళ్ళు ల్యాబులో నేర్చుకున్నారు.

కట్టకూడనిది కూడా చదువే

ఈ చదువులో ఇంకో సబ్జెక్టు తప్పక ఉంటుంది: కట్టొచ్చా, ఎవర్ని అడిగి కట్టాలి? 1975లో అసిలోమార్‌లో శాస్త్రవేత్తలు కూర్చుని, జన్యువుల్ని అతికే పనికి తమకు తామే హద్దులు పెట్టుకున్నారు. 2024 డిసెంబరులో 38 మంది శాస్త్రవేత్తలు సైన్స్ పత్రికలో హెచ్చరించారు. అద్దంలో బొమ్మలా తిరగేసిన అణువులతో బ్యాక్టీరియా కట్టొద్దు, కడితే మన ఒంట్లోని రక్షణలు దాన్ని పట్టుకోలేకపోవచ్చు అని. వాళ్ళలో ఆ దారిలో పనిచేసిన కేట్ ఆడమాలా కూడా ఉంది. తన పనిని తానే ఆపుకున్నది.

అడిగి చెయ్యడం అన్నది మనకు చాలా దగ్గరి సంగతి. 2009లో ఖమ్మం జిల్లాలో ఆడపిల్లలకు హెచ్‌పీవీ టీకా ప్రాజెక్టు నడిచింది. తల్లిదండ్రుల బదులు చాలా ఫారాల మీద హాస్టల్ వార్డెన్లు సంతకాలు పెట్టారని పార్లమెంటరీ కమిటీ 2013లో తప్పుపట్టింది. టీకా మంచిదా కాదా అన్నది వేరే చర్చ. మన పిల్లల ఒంటి గురించి మనల్ని అడగలేదన్నదే ఇక్కడ సంగతి. ఆ ఫారంలో ఏముందో చదివి, "ఇది మా భాషలో చెప్పండి" అనే మనిషి ప్రతి గూడెంలో ఉండాలంటే, మనలో కొందరు ఆ శాస్త్రం లోపలికి వెళ్ళాలి.

మన దగ్గర తలుపులు

లెక్కలు రాకపోతే బైపీసీ, రక్తం చూస్తే భయమైతే ఎంపీసీ. మన దగ్గర గ్రూపు ఎంచుకునే పద్ధతి చాలా చోట్ల ఇంతే. కొన్ని కాలేజీల్లో ఎంచుకోవడానికి ఇంకో గ్రూపే ఉండదు. దాంతో బైపీసీ పిల్లకు లెక్కలు, ఎంపీసీ పిల్లాడికి కణం పదో తరగతిలోనే ముగిసిపోతాయి. కృత్రిమ కణం చరిత్ర చెప్తున్నది ఏంటంటే, అవి ముగిసిపోకూడదు.

అందుబాటులో ఉన్నవి చెప్పుకుందాం. ఐసర్ సంస్థలు ఉన్నాయి. తిరుపతిలో ఒకటి 2015 నుంచి, బరంపురంలో ఒకటి 2016 నుంచి నడుస్తున్నాయి. ఇంటర్ తర్వాత ఐదేళ్ళ బీఎస్-ఎంఎస్. మొదట్లో అందరూ లెక్కలు, ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీ అన్నీ చదవాలి. ప్రవేశ పరీక్షలో నాలుగింటి నుంచీ ప్రశ్నలు వస్తాయి. ఎంపీసీ, బైపీసీ ఎవరైనా రాయొచ్చు, ఎస్టీ రిజర్వేషన్ ఉంది. పుణె ఐసర్‌లో సుధా రాజమణి బృందం తొలి కణాలు ఎలా పుట్టి ఉంటాయన్న దాని మీదే పనిచేస్తోంది. పీహెచ్‌డీకి వెళ్ళేవాళ్ళకు కేంద్ర గిరిజన మంత్రిత్వ శాఖ ఏటా 750 మందికి ఫెలోషిప్, విదేశాల్లో చదివేందుకు ఏటా 20 మందికి స్కాలర్‌షిప్ ఇస్తుంది. ఇరవై అంటే దేశం మొత్తానికి. తక్కువే. ఆ తక్కువలో కూడా మన ఏజెన్సీ పేర్లు ఉండాలి.

ఇంకో పని డబ్బు లేకుండా చేయొచ్చు. ఒక్కో హాస్టల్లో ఒక ఎంపీసీ, ఒక బైపీసీ జతగా కూర్చుని, ఆదివారం గంటసేపు ఒకరి పాఠం ఇంకొకరు చెప్పుకోవాలి. ఆస్మాసిస్ పాఠం బైపీసీ అక్క చెప్తే, అందులో పీడనం లెక్క ఎంపీసీ తమ్ముడు చెయ్యాలి. డెల్బ్రూక్ మొదలుపెట్టింది కూడా ఒక వేసవి, కొన్ని బెంచీలు, రావాలనుకున్న కొంతమందితోనే. ఈ వేసవికి మన సీనియర్లు ఇళ్ళకు వచ్చినప్పుడు భద్రాచలం, ఉట్నూరు, పాడేరు, సీతంపేట వైపు ఎక్కడ వీలైతే అక్కడ ఇలాంటి వారం రోజుల క్లాసు పెట్టుకుందాం. చెప్పగలిగినవాళ్ళు ముందుకు రావాలి. ఇంటర్ మొదటి ఏడాది చెల్లెళ్ళు, తమ్ముళ్ళు తప్పక రావాలి. గ్రూపు ఏదైనా సరే.

జోహార్.